సవతి బిళ్ళ

గుండ్రంగా, పలచగా ఉండి అరచేతిలో పట్టేదాన్ని దేన్నయినా మేము బిళ్ళ అనేస్తాం. చక్రమంటే తిరగాలి. ఉంగరమంటే నడుమ బొక్క ఉండాలి. ఉండ అంటే లావుగా ఉండాలి. బిళ్ళకు ఈ షరతులేవీ లేవు. రూపాయి బిళ్ళ, మందు బిళ్ళ, కర్పూరం బిళ్ళ, పిప్పరమెంటు బిళ్ళ, జడబిళ్ళ. పిల్లలు గీతలు గీసి ఒంటికాలి మీద ఎగురుతూ తన్నే పెంకుముక్క తొక్కుడు బిళ్ళ. సబ్బు నలుపలకలుగా ఉన్నా సబ్బు బిళ్ళే. గోటీబిళ్ళ అయితే వేలెడు పొడుగు కట్టె, దానికి ఆ పేరు ఎవరు పెట్టారో వాళ్ళనే అడగాలి. గోడ పక్కన ఎవరూ నాటకుండానే మొలిచే గన్నేరుకు కూడా పువ్వు అట్లా పరుచుకుంటుంది కాబట్టి బిళ్ళగన్నేరని పేరు.

పుంగనూరులో నేను కాపురానికి వచ్చిన ఇంట్లో ఈ బిళ్ళలన్నీ ఉండేవి. అవిగాక ఇంకొకటి నా మెడలో ఉండేది. దాని పేరు సవతి బిళ్ళ. పెళ్ళాం చచ్చిపోయిన మనిషిని చేసుకున్న ఆడది, తాళితోపాటు ఆ పోయినామె పేరు మీద ఒక బంగారు బిళ్ళ వేసుకోవాలి. పోయినామెకు మొగుడి మీద ఆశ పోదట. ఆమెను మెడలో పెట్టుకుని, చీరయినా కుంకుమయినా ముందు ఆమెకు చూపించి తర్వాత మనం వాడుకుంటే, కాపురంలో వేలు పెట్టకుండా ఊరుకుంటుందట. ఇది మా వైపు పద్ధతి. ఎవరూ దీన్ని వింతగా చూడరు.

నేను మాత్రం ఆమెను ఓర్వలేకపోయాను. నా మొగుడికి నేను మొదటిదాన్ని కావాలనుకున్నాను, అంతకుమించి ఆ ఇంట్లో నేను అడిగిందేమీ లేదు. దొరికింది రెండో చోటు. ఆ మొదటి చోటును పొద్దస్తమానం మెడలో వేసుకుని తిరగమన్నారు.

నాకు ఓర్వలేనితనం కొత్తేమీ కాదు. మాది కుప్పం. మా నాయన కూరగాయల మండీలో గుమాస్తా. ఆ మండీలో మూడు భాషలు ఒకేసారి అరుచుకునేవి. బిళ్ళను కన్నడం వాళ్ళు బిల్లె అనేవాళ్ళు, అరవం వాళ్ళు విల్లై అనేవాళ్ళు. మా నాయనకు అన్నం తీసుకుపోయినప్పుడల్లా నేను ఇట్లాంటి మాటలు ఏరుకొచ్చేదాన్ని. మా వీధిలో రాళ్ళు కొట్టే ఆయన కూతురికి నల్లరాతితో నునుపు చేసిన తొక్కుడు బిళ్ళ ఉండేది. తంతే జారిపోయి, చెప్పినట్టు గీత ముందర ఆగేది. నా కుండపెంకు గీత మీద పడి రెండు ముక్కలయ్యేది. ఆ బిళ్ళ నాకు లేదే అని ఒక ఎండాకాలమంతా ఆ పిల్లతో మాట్లాడలేదు. ఆ పిల్ల నన్నేమీ అనలేదు, అది నాకు ఇంకా మంటగా ఉండేది.

మా ఆయన ప్రైవేటు బస్సులో కండక్టరు. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం వచ్చేది ఆ బస్సు. మండీ మూటలు బస్సు మీదికి ఎక్కించేటప్పుడు ఆయనకూ మా నాయనకూ పరిచయం. ఖాకీ చొక్కా జేబు మీద నంబరు బిళ్ళ, చంకలో తోలు సంచి, నోట్లో విజిలు. పెళ్ళాం పోయి రెండేళ్ళయిందని, చిన్న ఆడబిడ్డ ఉందని, మనిషి మంచివాడని మా నాయన చెప్పాడు. నేను బస్టాండు అరుగు మీద నిలబడి దూరం నుంచి చూశాను. నచ్చాడు. తంటా అంతా అక్కడే వచ్చింది. నచ్చకపోయి ఉంటే ఆ పోయినామెను ఓర్చుకునేదాన్నేమో.

డెబ్బైల నడుమ, నెల తిరక్కుండానే పెళ్ళి జరిగిపోయింది. మా అత్తకు భర్త లేడు కాబట్టి ఆమె పందిట్లోకి రాలేదు. తలుపు వెనక నిలబడి, తమలపాకులో ఒక బిళ్ళ పెట్టి, ఒక ముత్తయిదువ చేతికిచ్చి నా మెడలో వేయించింది. వేసేటప్పుడు నేను ఓరకంట చూస్తే ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. పోయిన కోడలు గుర్తొచ్చింది కాబోలు అనుకున్నాను, అప్పుడే నా కడుపులో మంట మొదలయింది.

ఆ రాత్రి కాదు, మర్నాడు మధ్యాహ్నం అందరూ పడుకున్నాక బిళ్ళను వెలుగులో పెట్టి చూశాను. నిలబడ్డ ఆడమనిషి బొమ్మ. చేతిలో ఏదో పువ్వు. ముక్కూ మొహమూ తెలియడం లేదు, అరిగి నున్నగా ఉన్నాయి. నడుము మాత్రం సన్నగా, చక్కగా తెలుస్తోంది. నాకు మొదటి నుంచీ నడుము లేదు. పైనుంచి కిందికి ఒకటే తీరు. మొహం లేని మనిషి నడుము చూసి అంత కుళ్ళుకున్నది ఆ జిల్లాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

మా అత్త చెడ్డదని నేను అనను. కానీ ఆమె నోటికి ఒకటే మాట. "ముందు పెద్దామెకి పెట్టు మే." పోయినామెను మా ఇంట్లో పెద్దామె అనేవాళ్ళు. పొద్దున నేను బొట్టు పెట్టుకోబోతే, ముందు పెద్దామెకి. అంటే ముందు బిళ్ళకు కుంకుమ అద్ది, తర్వాత నా నుదుట. ఉగాదికి ఆయన చీర తెస్తే ముందు పీట మీద పెట్టి, బిళ్ళ తీసి దాని మీద పెట్టి, దణ్ణం పెట్టుకుని, అప్పుడు కట్టుకోవాలి. కొత్త చీర కట్టిన సంతోషం నాకు ఏనాడూ లేదు. ప్రతిదీ ఆమె కట్టి విడిచినట్టే ఉండేది.

నేనూ ఊరుకోలేదు. కుంకుమ అద్దమంటే అద్దేదాన్ని, వేలితో కాదు, చరిచినట్టు. ముందు ముద్ద ఆమెకు తీయమంటే మాడిన అడుగు తీసేదాన్ని. గిన్నెలు తోమేటప్పుడు బిళ్ళ ముందుకు వేలాడి టకటకా గిన్నెకు కొట్టుకునేది. "ఏం, నీకూ తోమాలని ఉండాదా, రా" అని దాన్ని వీపు మీదికి తోసి, జడ కింద దాచేదాన్ని. ఇంట్లో ఎవరూ లేకపోతే గట్టిగానే తిట్టేదాన్ని. మాకు మగబిడ్డ పుట్టాడు. వాడికి ఒళ్ళు కాలితే చాలు, మా అత్త మందు బిళ్ళ నూరి పాలలో కలుపుతూనే "పెద్దామెకి కోపమొచ్చిండాది, ఏమి తక్కువ చేసినావో సూసుకో" అనేది. నేను ఏం తక్కువ చేశానో నాకు తెలుసు గనుక నోరెత్తకుండా పోయి పసుపునీళ్ళతో బిళ్ళ కడిగేదాన్ని. కడుగుతూ పళ్ళు నూరేదాన్ని.

ఇంతకీ ఆయన మాత్రం ఆమె మాట ఎత్తేవాడు కాదు. అత్త వాగుడు ఒక తీరు, ఈయన మౌనం ఇంకొక తీరు. ఏది ఎక్కువ మండించేదో చెప్పలేను. సాయంత్రం బస్సు దిగి వచ్చి, సంచి గూట్లో పెట్టి, జేబులోంచి పిప్పరమెంటు బిళ్ళలు తీసి పిల్లలిద్దరికీ ఇచ్చేవాడు. పెద్దామె కూతురు నన్ను చిన్నమ్మా అని పిలిచేది. మంచి పిల్ల, నా దగ్గరే పడుకునేది. ఆ పిల్ల బుగ్గలో పిప్పరమెంటు పెట్టుకుని నవ్వితే ఆయన కాసేపు చూసి తల తిప్పుకునేవాడు. తల్లి పోలికో ఏమో. నేను ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"పెద్దామె ఎట్ల ఉండె?"

"ఎవురు?"

"ఎవురేంది. ఇదో, ఈమె" అని బిళ్ళ పట్టుకుని చూపించాను.

ఆయన దాన్నీ చూడలేదు, నన్నూ చూడలేదు. చెప్పులు విప్పుతూ "బాగుండె" అన్నాడు.

"నాకంటేనా?"

"నీళ్ళు తోడినావా?" అని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ ఒక్క మాటను నేను ఏడాదిపాటు నమిలాను. బాగుండె అంటే మొహమా, మనసా, వంటా? ఎవరిని అడగను? బిళ్ళకు ముక్కే లేదు.

పెద్దామెది కురబలకోట వైపు ఊరు. వాళ్ళకు గొర్రెలు ఉండేవి. ఆమె తల్లి ఏడాదికి ఒకటి రెండుసార్లు మనవరాలిని చూడడానికి వచ్చేది, వచ్చినప్పుడల్లా ఇంటికి ఏదో ఒకటి తెచ్చేది, ఒకసారి గొంగళి కూడా తెచ్చింది. నన్ను ఒక్క మాట అనేది కాదు. కాళ్ళు కడుక్కుని లోపలికి రాగానే నా ఎదురుగా కూర్చుని చెయ్యి చాపేది. నేను మెడ వంచాలి. ఆమె బిళ్ళను రెండు వేళ్ళతో పట్టుకుని కళ్ళకద్దుకుని, కాసేపు ఏడ్చి వదిలేది. అంతసేపూ నేను వంగి ఉండాలి. ఆ సమయానికి మా అత్త ఎప్పుడూ అక్కడ ఉండేది కాదు. పొయ్యి మీద ఏదో పొంగుతోందని లోపలికి పోయేది. చూడలేక పోతోంది కాబోలు అనుకునేదాన్ని. నా మెడ నొప్పి సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఎనభైల్లో మదనపల్లెకు మారాం. పెద్దమ్మాయి హైస్కూలుకు వచ్చింది, ఆయన బస్సు కూడా రాత్రి అక్కడే ఆగేది. చిన్న అద్దె ఇల్లు, వెనక బట్టలుతికే బండ, బండ పక్కనుంచి వీధిలోకి పోయే కాలువ. అప్పటికి బొట్టు బిళ్ళలు అట్టల మీద అంటించి అమ్మేవి వచ్చాయి. కుంకుమ మానేసి నేనూ అవే పెట్టుకోవడం మొదలుపెట్టాను. మా అత్త ఊరుకుంటుందా. ముందు పెద్దామెకి అంది. బంగారు బిళ్ళకు ఎర్ర బొట్టు బిళ్ళ అంటించుకుని తిరిగాను కొన్నాళ్ళు. చెమటకు ఊడిపోతే గానీ అత్త వదల్లేదు.

ఒక ఆదివారం పొద్దున దుప్పట్లు ఉతుకుతున్నాను. వంగి బండకేసి కొడుతుంటే బిళ్ళకున్న కొంకి అరిగిపోయి ఉందేమో, పుటుక్కుమని తెగింది. బిళ్ళ బండ మీద పడి, అంచు మీద నిలబడి దొర్లి, సబ్బునీళ్ళతో పాటు కాలువలోకి పోయింది. నా కళ్ళ ముందే పోయింది. నేను చెయ్యి చాపితే అందేది. చాపలేదు. మెడ తేలికయింది, అంతే నాకు తెలిసింది. ఇంకొక దుప్పటి తీసి ఉతకడం మొదలుపెట్టాను.

కాసేపటికి మా అత్త వచ్చి నా మెడ చూసింది.

"బిళ్ళ యాడ?"

"పడిపోయిండాదత్తా. కాలవలోకి పోయినట్లుండాది."

ఆమె నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు. ఆ ముసలామె చీర ఎగదోపి కాలువలోకి దిగి మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో బురద తోడడం మొదలుపెట్టింది. పెద్దమ్మాయి చూసి పిండి జల్లెడ తెచ్చి ఇచ్చింది. ఆమె బురద జల్లెడలో పోసి, నీళ్ళతో కడిగి, వెతికి, పారబోసి, మళ్ళీ పోసి వెతుకుతోంది. ఏడుస్తోంది కూడా. కోడలి కోసం ఏడ్చే ఏడుపు కాదది, నాకు తెలుసు. దగ్గరికి పోయి విన్నాను.

"అక్కా, యాడికి పోతివే అక్కా."

నాకు అర్థం కాలేదు. "ఆ యమ్మ నీకి కోడలు కదత్తా. అక్కెట్లయితాది?" అన్నాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. మనవరాలిని లోపలికి పొమ్మంది. నా వైపు తిరక్కుండానే చెప్పింది.

"ఆ బిళ్ళ నీ సవతిది కాదు మే. నా సవతిది."

మా మామకు ఆమె రెండో పెళ్ళామని, ముందొకామె కాన్పులో పోయిందని ఎప్పుడో ఎవరో అంటే విన్నాను, పట్టించుకోలేదు. ఆ బిళ్ళ ఆమెదట. మా అత్త పెళ్ళిలో మా అత్త మెడలో వేశారట.

"మీ మామ పోయినాక తాళి తీసేసిరి. ఇది మాత్రం నా దగ్గిరే ఉండిపాయ. మొగుడే లేనప్పుడు ఇంక దేనికి కొట్లాడేది? నేనూ ఆ యమ్మా బాగానే ఉంటిమి. మంచీ చెడూ దానితోనే చెప్పుకుంటా ఉంటి. నీ పెండ్లికేమో బిళ్ళ సేయించేదానికి ఇంట్లో బంగారం లేదు, చూస్తే తొందర పెండ్లి. ఎవురైతే ఏమి, సవతి సవతే కదా అనుకుంటి. నా దగ్గిర ఊరికే ఉండేది, నీకి పనికొచ్చె."

"మరి పెద్దామెకి, పెద్దామెకి అని పదేండ్లు నా పానం తీస్తివే?"

"ఆ యమ్మకి కోపమెక్కువ. నా దగ్గిరుండేదాన్ని నీకిచ్చేసినానని అలుగుతాదేమోనని నా భయం. ఆ కురబలకోటామె వచ్చి దాన్ని కండ్లకద్దుకుంటాంటే నా పానం గిలగిలా కొట్టుకునేది. చెప్పేదానికి నోరు రాలేదు."

అంటూనే మళ్ళీ జల్లెడలో చెయ్యి పెట్టింది. బిళ్ళ దొరికింది. దాన్ని కొంగుతో తుడిచి, ఎండకు పెట్టి చూసి, నవ్వింది. ఆ బొమ్మకు ముక్కూ మొహమూ ఎందుకు అరిగాయో నాకు అప్పుడు అర్థమయింది. నాకంటే ముందు ఎన్నో ఏళ్ళపాటు ఇంకొక ఆడది దాని మీద కుంకుమ రుద్దింది.

నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. పదేళ్ళుగా నా చీరలన్నీ ముందు కట్టింది ఎవరు? మా ఆయన పుట్టకముందే పోయిన మనిషి. నా తిట్లన్నీ తిన్నదీ ఆమే, పాపం. ఆ నడుము చూసి నేను పడ్డ ఏడుపంతా దండగ. ఎవరి మొగుడి కోసమో ఎవరితోనో పోట్లాడాను. నవ్వొచ్చింది కూడా, కానీ అత్త ముందు నవ్వదలచుకోలేదు.

"నీ సవతిని నువ్వే పెట్టుకో" అన్నాను. ఆమె బిళ్ళను ఆకూవక్కా పెట్టుకునే తిత్తిలో వేసి, తిత్తిని నడుముకు దోపుకుంది. ఆ రోజు ఆమె రెండు ముద్దలు ఎక్కువే తింది.

బోసి మెడతో నేను హాయిగా ఉండాల్సింది. లేను. అసలు నా సవతి యాడుండాది అని ఆలోచన పట్టుకుంది. ఆమెకు పదేళ్ళుగా ఒక చీర చూపించింది లేదు, ఒక బొట్టు పెట్టింది లేదు. పద్ధతి ప్రకారమైతే ఆమె ఇల్లు పీకి పందిరి వేయాలి. ఏమీ చేయలేదు. పిల్లల జ్వరాలు కూడా ఆమెవి కావు. అడగలేదు, అలగలేదు, ఒక మూల కూర్చుని ఊరుకుంది. అంత మంచిదైతే నాకు మరీ కష్టం. గయ్యాళిని ఎదుర్కోగలను. ఇట్లాంటిదాన్ని మొగుడు ఎట్లా మరిచిపోతాడు? మెడలో ఉన్నన్నాళ్ళూ కనీసం ఎక్కడుందో తెలిసేది, జడ కిందికి తోసేదాన్ని. ఇప్పుడు ఎటు చూసినా ఉన్నట్టే ఉంది.

ఆయన వచ్చాక సంగతంతా చెప్పాను. విని, వాళ్ళమ్మ వైపు చూసి, "నాకి తెల్దే" అన్నాడు.

"నా సవతికి బిళ్ళ సేయించు" అన్నాను. "వేరేవాళ్ళది నాకొద్దు. నాది నాకి కావల్ల."

ఆయన సంచి తీసి గూట్లో పెట్టాడు. "సేయిస్తాలే" అన్నాడు.

మూడు రోజుల తర్వాత రెండు ట్రిప్పుల నడుమ తీరిక చూసుకుని, సంచి భుజాన ఉండగానే నన్ను బజారులో కంసాలి దగ్గరికి తీసుకుపోయాడు. కంసాలి కుంపటి ముందు కూర్చుని ఏదో ఊదుతున్నాడు. చెప్పింది విని, "పాత బంగారమేమన్నా ఉండాదా అప్పా, కొత్తగా కొంటారా?" అని అడిగాడు.

మా ఆయన సంచి మూత తీశాడు. చిల్లర వేసే అర కాదు, దాని వెనక విజిలు పెట్టుకునే చిన్న అర ఉంటుంది. అందులోంచి ఒక ఖాకీ గుడ్డముక్క తీసి, విప్పి, అరచేతిలో పెట్టి ముందుకు చాపాడు. రాళ్ళ జడబిళ్ళ. అంచున ఒక రాయి లేదు.

"ఇది ఆ యమ్మదే" అన్నాడు.

నేను తప్పుడు మనిషిని మెడలో వేసుకుని ఇంట్లో కుళ్ళుకుంటుంటే, అసలు మనిషి ఆయన చంకలో కూర్చుని రోజూ బస్సులో తిరిగింది. మదనపల్లె నుంచి కుప్పం, కుప్పం నుంచి మదనపల్లె. మా పుట్టింటికి నాకంటే ఎక్కువసార్లు ఆమే పోయొచ్చింది. సంచి రోజూ మా గూట్లోనే, నా తల పైనే ఉండేది. చిల్లర దులిపిచ్చేవాడు, నేను ఆ సంచి తోలుకు నూనె రాసేదాన్ని.

"ఎప్పటినుంచి ఉండాది ఇది నీ దగ్గిర?"

"ఉండాది."

కంసాలి దాన్ని గీటి చూసి, "ఇది బంగారు కాదమ్మా. వెండి. పైన బంగారు నీళ్ళు, అంతే" అన్నాడు.

"తెలుసు" అన్నాడు మా ఆయన. "నేనే తెస్తిని. అప్పుడు బంగారు తేలేకపోతి."

అది ఆయన నాకు చెప్పిన మాట కాదు. కంసాలికీ కాదు. నాకు ఆయన తెచ్చిన చీరలున్నాయి, గాజులున్నాయి, ఏదీ తేలేకపోయానని బాధపడి తెచ్చింది లేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జాలితో కాదు, ఒట్టి కుళ్ళుతో.

"ఇది తీసుకుని, చిన్నదిగా బంగారంలో సేసిస్తా" అన్నాడు కంసాలి. "ఆడబొమ్మ గీస్తా. దీన్ని కరిగించేసేదే కదా?"

మా ఆయన రోడ్డు వైపు తిరిగి, టమాటాల బుట్టలు ఎక్కిస్తున్న లారీని చూస్తూ నిలబడ్డాడు. జవాబు నాకు వదిలేశాడు. ఆమెది ఒక్క వస్తువైనా నా చేతికి చిక్కితే నిప్పుల్లో వేయాలని పదేళ్ళు కోరుకున్నాను. ఎదురుగా కుంపటి ఉంది. ఊ అంటే చాలు. నేను ఆయన చెయ్యి చూశాను. జడబిళ్ళ కంసాలి తీసుకున్నాడు, మనిషి అటు తిరిగి ఉన్నాడు, చెయ్యి మాత్రం ఇంకా చాపే ఉంది.

"కరిగించేది వద్దు" అన్నాను. "దానికే ఒక కొంకి పెట్టియ్యి."

"జడకి పెట్టుకునేది మెళ్ళో ఎట్లమ్మా ఏసుకుంటారు?"

"నేను ఏసుకుంటా. నీకేమి?"

ఇది నా మంచితనమని ఎవరైనా అనుకుంటే పొరపాటు. కరిగిస్తే ఆమె ఆయన మనసులోకి పోతుంది, అక్కడికి నా చెయ్యి అందదు. సంచిలో ఉంటే బస్సెక్కి పోతుంది. నా మెడలో ఉంటే, ఆమెను చూడాలనిపించినప్పుడల్లా ఆయన నా దగ్గరికే రావాలి. అదీగాక ఇంకొక ఆడబొమ్మ, ఇంకొక నడుము నా మీద వేలాడడం నాకు ఇష్టం లేదు.

బిళ్ళ మెడలో పడ్డాక రోజులు గడుస్తున్నా ఆయన దాని వైపు చూడనే లేదు. అన్నం పెడుతుంటే కంచం చూసేవాడు, నీళ్ళిస్తే చెంబు చూసేవాడు. ఈలోగా కురబలకోట నుంచి పెద్దామె తల్లి వచ్చింది. మా అత్త పొయ్యి దగ్గరికి పరుగెత్తబోతే ఉండమని కొంగు పట్టుకుని ఆపాను. ఆమె కాళ్ళు కడుక్కుని వచ్చి చెయ్యి చాపింది. అలవాటుగా మెడ వంచాను. ఆమె వేళ్ళు బిళ్ళను తాకి, అక్కడే ఆగాయి. అంచున రాయి లేని గుంటను వేలితో తడిమింది. ఏడవలేదు. నవ్వింది.

"కాన్పుకి మా ఇంటికొచ్చినప్పుడు దీన్ని నోట్లో పెట్టుకుని జడేసుకుంటా నాతో మాట్లాడతా ఉండె. రాయి ఊడి కడుపులోకి పాయ. మొగుడికి చెప్పొద్దమ్మా, పాడుచేసినానని అంటాడు అనె."

నేను వంగే ఉన్నాను. ఇన్నాళ్ళూ ఆమెకు మొహమే లేదు. ఇప్పుడు నోరొచ్చింది, పళ్ళొచ్చాయి, తల్లి దగ్గర కూర్చుని జడ వేసుకుంటూ మొగుడికి భయపడే మాటొచ్చింది. అంతా విని, ఈ సంగతి నాకు ముందు తెలిసింది, ఆయనకు తెలియదు అనుకున్నాను. చాలా ఏళ్ళకు మొదటిసారి నేను ఒక మెట్టు పైన ఉన్నాను.

మర్నాడు పొద్దున ఆయన మొదటి బస్సుకు తయారయ్యాడు. సంచి అందించాను. చొక్కాకు నంబరు బిళ్ళ వంకరగా ఉంటే సరిచేశాను. అప్పుడు, ఆ రాయి ఏమయిందో చెప్పాను, ఆమె ఆయనకు భయపడి దాచిన సంగతితో సహా. ఆయన గుమ్మంలో ఆగిపోయాడు. మెల్లగా కళ్ళెత్తి నా మెడలో ఉన్నదాన్ని చూశాడు. చూసి, అట్లాగే చూస్తూ ఉండిపోయాడు. బయట బస్సు హారను కొట్టింది. ఆయనకు వినబడలేదు.

నేను ఓర్చుకున్నాను. నాకు చేతనైనంతసేపు ఓర్చుకున్నాను.

"చాల్లే" అన్నాను. "ఇంక పైకి సూడు."

చూశాడు.